డైరెక్ట్ కోటిబాబు సరిగ్గా చేసిన రిపేరు

నడికుడి స్టేషన్ రోడ్డులో కోటిబాబు కొట్టెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. డైరెక్ట్ కోటిబాబు కొట్టు అంటే అందరూ వేలు చూపిస్తారు. కొట్టు మీద 'శ్రీ త్రికోటేశ్వర ఎలక్ట్రికల్స్, మైక్ సెట్ రిపేర్లు' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డుకున్న ట్యూబ్‌లైటు పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. దాని స్విచ్చి పోయి ఆరేళ్లయింది. కోటిబాబు దాన్ని డైరెక్ట్ చేశాడు.

డైరెక్ట్ చెయ్యడమంటే తెలియని రైతు పల్నాడులో ఉండడు. మిగతావాళ్ల కోసం చెప్పుకోవాలంటే ఇంతే. కరెంటు వచ్చే దారిలో స్విచ్చో, ఫ్యూజో, రెగ్యులేటరో ఒకటి అడ్డంగా కూర్చుని ఉంటుంది. అది చెడిపోతుంది. కంపెనీవాడు దాన్ని మార్చమంటాడు. కోటిబాబు దాన్ని పక్కకు తప్పించి, ఇటు తీగనూ అటు తీగనూ కలిపి మెలేసి టేపు చుడతాడు. యంత్రం తిరుగుతుంది. ఎప్పుడు ఆగాలో మాత్రం దానికిక తెలియదు.

ఈ విద్య ఆయనకు కోటప్పకొండ తిరునాళ్లలో అబ్బింది. అప్పుడు పద్దెనిమిదేళ్లు, నరసరావుపేటలో ఒక మైక్ సెట్ కంపెనీలో పని. శివరాత్రి నాడు, నిలువెల్లా బల్బులు తొడిగి ఊరేగించే ఎనభై అడుగుల విద్యుత్ ప్రభ కొండ దగ్గరికి వస్తూ వస్తూ మధ్యలో ఆరిపోయింది. మెయిన్ స్విచ్చి కాలింది. చుట్టూ వేల జనం, పెద్దమనుషుల తిట్లు. కోటిబాబు రెండు తీగల చివర్లు పళ్లతో ఒలిచి మెలేశాడు. ప్రభ మొత్తం ఒక్కసారిగా వెలిగింది. "చేదుకో కోటయ్యా" అని జనం అరిచారు. ఆ రోజు స్వామి ఎంతమందిని చేదుకున్నాడో తెలియదు గానీ, కోటిబాబును మాత్రం డైరెక్ట్ చేదుకుంది. ఇప్పటికి ముప్పై నాలుగేళ్లు.

ఆయన ఇంట్లో ఫ్యానుకు ఒకటే స్పీడు. పుష్యమాసపు చలిలో కూడా భార్య రమాదేవి రెండు దుప్పట్లు కప్పుకుని ఆ ఫ్యాను కింద పడుకుంటుంది. ఆపాలంటే మెయిన్ ఆపాలి, మెయిన్ ఆపితే ఫ్రిజ్జు ఆగుతుంది. పెళ్లిచూపుల్లో కూడా ఈయన కాఫీ ముట్టకుండా డైరెక్ట్‌గా ముహూర్తం అడిగాడని ఆమె చుట్టాలకు చెబుతుంటుంది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. పుల్లారావు మోటారు సంగతి మాత్రం నవ్వే సంగతి కాదు. పదకొండేళ్ల కిందట, మిరప కాపు మీద ఉన్నప్పుడు, పుల్లారావు బోరు స్టార్టర్ మొరాయించింది. కోటిబాబు వెళ్లి పావుగంటలో డైరెక్ట్ చేసి వచ్చాడు. మర్నాడు కరెంటు మూడు ఫేజులకు బదులు రెండే వచ్చింది. స్టార్టర్ మామూలుగా ఉంటే మోటారును ఆపేది. ఆపేదేమీ లేక మోటారు కాలింది. దానికి మళ్లీ తీగ చుట్టి బిగించేసరికి ఎనిమిది రోజులు పట్టింది. రెండెకరాల మిరప నిలువునా వాడిపోయింది.

పుల్లారావు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తరువాత ఒక్క బల్బు కూడా కోటిబాబు చేతికివ్వలేదు. రోడ్డు మీద కనబడినప్పుడల్లా మాత్రం "ఏం డైరెక్టూ, బాగుండావా" అని పలకరిస్తాడు. ఊరంతా పిలిచే పేరే, ఆయన నోట మాత్రం కోటిబాబుకు ముల్లులా దిగుతుంది. చచ్చేలోపు ఒక్కటంటే ఒక్క వస్తువునైనా కంపెనీవాడు చేసినట్టు సరిగ్గా బాగుచెయ్యాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. బేరాలన్నీ డైరెక్ట్ కోసమే వస్తుంటే ఆ అవకాశం రాలేదు.

అక్టోబరులో ఒక మంగళవారం ఆదినారాయణ గోనెసంచి చంకన పెట్టుకుని కొట్టుకు వచ్చాడు. ఆయన నడికుడి జంక్షన్‌లో ముప్పై ఆరేళ్లు సిగ్నల్ మెయింటైనర్‌గా చేసి రిటైరైనవాడు.

"ఒరేయ్ కోటీ, పనుంది. ముందు ఒట్టేయి."

"ఏమని బాబాయ్?"

"డైరెక్ట్ చెయ్యనని."

కోటిబాబు టీ గ్లాసు పక్కన పెట్టాడు. మంగలి దగ్గరికొచ్చి కత్తి ముట్టనని ఒట్టేయమన్నట్టుంది.

"మా డిపార్ట్‌మెంట్‌లో డైరెక్ట్ అంటే చార్జిషీటురా," అన్నాడు ఆదినారాయణ. "సిగ్నల్లో ఏది చెడినా ఎర్రలైటే పడాల. చెడితే ఆగాల. నువ్వేమో చెడినదాన్ని పరిగెత్తిస్తావు."

"మరి నా కాడికెందుకొచ్చావు?"

"ఊళ్లో సోల్డరింగ్ ఐరన్ పట్టేది నువ్వొక్కడివే. నాకు పోయినేడు గుండెకి స్టెంటు ఏసినకాణ్నుంచి చెయ్యి వణుకుతుంది."

కోటిబాబు ఒట్టేశాడు. ఆదినారాయణ సంచిలోంచి తీసింది ఒక కంప్యూటరు. అయితే ఇప్పటి కంప్యూటరు కాదు. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డబ్బాలో ఉంటాయి. టీవీకి తగిలిస్తే నీలం తెర మీద తెల్లక్షరాలు వస్తాయి. మౌసు లేదు, బొమ్మలు లేవు. నలభై ఏళ్ల కిందట ఉండేవాటి మీద మోజున్నవాళ్ల కోసం ఎవరో ఇప్పుడు విడిభాగాలుగా చేసి పోస్టులో పంపిస్తున్నారు. ఆదినారాయణ ఉద్యోగంలో చేరిన కొత్తలో సికిందరాబాదులో ట్రైనింగుకు వెళితే, ఏసీ గదిలో అచ్చం ఇలాంటిదాన్ని చూపించారు. చెప్పులు బయట విప్పించారు, దేవుడి పటానికి కప్పినట్టు గుడ్డ కప్పి ఉంచారు, తాకనివ్వలేదు. ఆ తాకనివ్వకపోవడం ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక విడిభాగాలు తెప్పించుకుని, ఆపరేషనుకు ముందే, రెండు నెలలు కూర్చుని తన చేత్తోనే అతికించుకున్నాడు.

"పాతదే కావాలంటే అటక మీద చానా ఉండాయి గదా," అంది ఆయన భార్య నాగులమ్మ అప్పట్లో.

ఆ డబ్బాలో ఆయన ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. అందులో నడికుడి స్టేషనుంటుంది. తెర మీద అక్షరాల రూపంలో బళ్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఒక స్టేషను నుంచి పక్క స్టేషనుకు కబురు పంపే గంటలు కూడా అందులో మోగుతాయి.

"నాలుగు గంటలు కొడితే బండి క్షేమంగా దాటిందని అర్థం," అని ఆదినారాయణ కోటిబాబుకు చెప్పాడు. "ఇవతల కొట్టినన్ని అవతలి స్టేషనోడు తిరిగి కొట్టాల. కొడితేనే విన్నట్టు లెక్క. ఇందులో అవతల ఎవరుండారు కొట్టడానికి? నాదే కొట్టుకుని ఊరుకుంటుంది."

నాగులమ్మ రైల్వే క్వార్టర్సులో ముప్పై ఏళ్లకు పైగా ఆ గంటలు విని విని, రిటైర్మెంటుతో పీడ విరగడైందనుకుంది. అవి నడింట్లోకి వచ్చి కూర్చున్నాయి. చివరికి ఆదినారాయణ హెడ్‌ఫోను కొనుక్కున్నాడు. దాని పుల్ల గుచ్చితే డబ్బాలోని స్పీకరు మూగబోయేది, గంటలు ఆయన చెవుల్లోనే మోగేవి, ఇల్లు ప్రశాంతంగా ఉండేది. ఇప్పుడా హెడ్‌ఫోను పుల్ల దూర్చే ఆడియో జాకు చెడింది. పుల్ల గుచ్చినా స్పీకరు ఊరుకోవడం లేదు. చెవుల్లోనూ మోగుతోంది, ఇంట్లోనూ మోగుతోంది.

"ఆదివారం దాకా టైమిచ్చింది మీ పిన్ని," అన్నాడు ఆదినారాయణ. "ఈలోపల దాని నోరన్నా మూతపడాల, లేకపోతే డబ్బాని పాత ఇనప సామాన్ల బండోడికి ఏస్తానంది. ఆమె అన్నదంటే చేస్తది కోటీ. నాకిది లేకపోతే పొద్దు పోదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన డబ్బా వైపు చూశాడు. ఆయన కళ్లు చూస్తే కోటిబాబుకు జాలేసింది.

ఆయన వెళ్లాక కోటిబాబు డబ్బా విప్పాడు. జాకుకు ఐదు కాళ్లున్నాయి. చూస్తూ ఉండగానే ఆయన చెయ్యి తన అలవాటు ప్రకారం ఒక తీగ ముక్క తీసుకుని, రెండు కాళ్లు కలిపి అతికించేసింది. ఒట్టు సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది. నాలుక్కరుచుకుని, ఎలాగూ చేశాం కదా అని పరీక్షించి చూశాడు. హెడ్‌ఫోను మోగింది, స్పీకరూ మోగింది. చెయ్యకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆయన జాకు లోపలికి టార్చిలైటు వేసి చూశాడు. ఆ జాకు లోపల ఒక సన్నటి రేకు ఉండాలి. పుల్ల లోపలికి రాగానే ఆ రేకు పక్కకు జరిగి, రైల్వే గేటు పడ్డట్టు స్పీకరు దారి మూసెయ్యాలి. ఆ రేకు జరగడం మానేసి దారికి అడ్డం లేకుండా అంటుకుపోయింది. అంటే దీని జబ్బే డైరెక్టు. ముప్పై నాలుగేళ్లుగా తాను అందరికీ చేస్తున్న పనిని ఈ వేలెడంత జాకు తనంతట తానే చేసుకుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని పెద్దలు ఊరికే అనలేదు.

తీగ ముక్క ఊడబెరికి, రమాదేవి పిన్నీసుతో రేకును పైకి లేపబోయాడు. రెండుసార్లు లేచింది. మూడోసారి విరిగింది. ఇక కొత్త జాకు వెయ్యడం తప్ప దారి లేదు.

గురువారం నరసరావుపేట బయలుదేరాడు. డైరెక్ట్ బస్సు దొరకలేదు, పిడుగురాళ్లలో మారాల్సి వచ్చింది. ఒకప్పుడు మైక్ సెట్ కంపెనీలో తనతోపాటు పనిచేసిన అక్రం ఇప్పుడు అక్కడ విడిభాగాల షాపు నడుపుతున్నాడు. కోటిబాబు విరిగిన జాకు బల్ల మీద పెట్టి ఇలాంటిదే కొత్తది కావాలన్నాడు. అక్రం జాకును చూడలేదు, కోటిబాబు ముఖం చూశాడు.

"ఏంది కోటీ, మీ ఊళ్లో తీగ ముక్కలు అయిపోయినయ్యా?"

"నవ్వమాక. ఐదు కాళ్లది కావాల."

"ముప్పై ఏళ్ల నుంచి షాపు నడుపుతున్నా. నువ్వు పార్టు కొనడం ఇదే చూడ్డం," అన్నాడు అక్రం. ఆరు డబ్బాలు వెతికి, కాళ్లు కొలిచి చూసి సరిపోయేది తీసిచ్చాడు. టీ కూడా తెప్పించాడు.

జాకు దొరికింది గానీ, ఇల్లలకగానే పండగ కాదు. పాతదాన్ని ఊడదియ్యాలి. ఆదినారాయణ రైల్వే మనిషి, ఒక చుక్క సరిపోయే చోట నాలుగు చుక్కలు టంకం పోశాడు. దాన్ని కొద్దికొద్దిగా కరిగించి తియ్యాలి, బోర్డు మీది రాగి గీత ఒక్కటి లేచినా డబ్బా అంతటితో సరి. తీగలు మెలెయ్యడానికి కళ్లజోడు అక్కర్లేదు కాబట్టి కోటిబాబుకు ఇంతవరకు తన చూపు తగ్గిన సంగతి తెలియలేదు. శుక్రవారం పొద్దున రమాదేవి కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె టార్చిలైటు పట్టుకుంది.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నువ్వొక పని మీద గంటసేపు కూర్చోడం చూస్తన్నా," అంది.

"మాట్లాడమాక. చెయ్యి కదులుద్ది."

నాలుగో కాలు దగ్గర ఆయన నుదుటి చెమట బోర్డు మీద పడబోతే ఆమె కొంగుతో తుడిచింది. సాయంత్రానికి ఐదు కాళ్లూ వదిలాయి, రాగి గీత ఒక్కటీ లేవలేదు. శనివారం మధ్యాహ్నానికి కొత్త జాకు కూర్చుంది. పుల్ల గుచ్చాడు, స్పీకరు ఆగింది. తీశాడు, మోగింది. మళ్లీ గుచ్చాడు, ఆగింది. ఇరవైసార్లు గుచ్చి తీశాడు. ఒక వస్తువు ఆగాల్సిన చోట ఆగుతుంటే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు యాభై రెండేళ్లకు తెలిసింది. ఆ ఊపులో ఇంటికెళ్లి ఫ్యానుకు రెగ్యులేటరు కూడా బిగించాడు. రమాదేవి ఆ రాత్రి ఒక్క దుప్పటితో పడుకుంది.

నాగులమ్మ ఇచ్చిన గడువుకు ఒకరోజు ముందే డబ్బా ఇల్లు చేరింది. ఆదినారాయణ కొబ్బరిచిప్పలంత హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్లు మూసుకుని, తన నాలుగు గంటలు తాను విన్నాడు. ఇంట్లో చప్పుడు లేదు. నాగులమ్మ వంటింటి గుమ్మంలోంచి ఒకసారి తొంగిచూసి, "అమ్మయ్య" అని లోపలికి వెళ్లింది.

ఆదినారాయణ ఊరంతా తిరిగి చెప్పాడు. డైరెక్ట్ చెయ్యకుండా కోటిబాబు రిపేరు చేశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. కొందరు ఇంటికొచ్చి హెడ్‌ఫోను గుచ్చి, తీసి చూసి వెళ్లారు. పది రోజులకు పుల్లారావు స్టార్టర్ డబ్బా మోపెడ్ మీద పెట్టుకుని కొట్టు ముందు ఆగాడు.

"ఏం కోటిబాబూ. ఇది సరిగ్గా బాగుచేస్తావంటగా ఇప్పుడు?"

పదకొండేళ్ల తరువాత ఆయన నోట తన పేరు విని కోటిబాబు బల్ల వదిలి మోపెడ్ దగ్గరికి వచ్చాడు. స్టార్టర్ అందుకుని, "మూడు రోజులు పడుద్ది అన్నా," అన్నాడు. నిజంగానే మూడు రోజులు తీసుకున్నాడు. రెండు ఫేజులు వస్తే మోటారు ఆగేట్టు చేసి, ఎదురుగా ఆపి చూపించి మరీ ఇచ్చాడు. ఇక తన కొట్టులో డైరెక్ట్ అనే మాట వినబడకూడదని కూడా అనుకున్నాడు.

నవంబరు మొదటి వారంలో నాగులమ్మ వచ్చింది. చంకలో అదే గోనెసంచి. కోటిబాబు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి లేచాడు.

"మళ్లీ పాడైందా పిన్నీ?"

"పాడవలా. బ్రహ్మాండంగా ఉంది," అని ఆమె బల్ల మీద సంచి పెట్టి, రోడ్డు అటూ ఇటూ చూసింది. "దీన్ని డైరెక్ట్ చెయ్యి నాయనా."

కోటిబాబు తప్పు విన్నాననుకున్నాడు. ఆమె మళ్లీ అదే మాట అంది.

"నేను బాబాయ్‌కి ఒట్టేశా పిన్నీ. అయినా మోగితే బండోడికి ఏస్తానంది నువ్వే గదా?"

"అన్నాను. కాదన్లా." ఆమె స్టూలు మీద కూర్చుంది. "అది మోగేటప్పుడు తిట్టుకుంటానే వంట చేసుకునేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా మూగబోయింది. పిలిస్తే పలకడు. చెవుల్లో అయ్యి పెట్టుకుని కళ్లు మూసుకుని బొమ్మలాగ కూర్చుంటాడు. అసలే గుండె జబ్బు మనిషి. గడియకోసారి పోయి ముక్కు కింద ఏలు పెట్టి చూసొస్తన్నా. మొన్న పప్పు మాడింది. క్వార్టర్సులో కూడా అంతే, గంటలు మోగినన్నాళ్లు తిట్టుకునేదాన్ని, మోగకపోతే లైన్లో ఏమైందోనని ప్రాణం ఉగ్గబట్టుకునేదాన్ని. ఆయన అప్పుడు పట్టాల మీద ఉండేవాడు గదా."

"బాబాయ్ ఏడి ఇప్పుడు?"

"బ్యాంకుకు పోయాడు, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి. ఆయన బతికుండాడని బ్యాంకోళ్లకి ఏడాదికొకసారి తెలిస్తే చాలు. నాకట్టా కుదరదు."

కోటిబాబు డబ్బా వైపు చూశాడు. తన జన్మలో సరిగ్గా చేసిన మొదటి పని అది. దాన్ని తన చేత్తోనే చెడగొట్టమని అడుగుతున్నారు. పైగా మొన్ననే వచ్చిన పేరు, పుల్లారావు నోటి వెంట వచ్చిన పేరు, ఇది బయటపడితే ఉంటుందా?

"బాబాయ్‌కి తెలిస్తే?"

"ఆయనకెట్టా తెలుస్తుంది? చెవులు మూసుకుని కూర్చునేవాడికి బయట మోగేది వినపడుద్దా? నేను చెప్పను, నువ్వు చెప్పమాక."

కోటిబాబు డబ్బాను దగ్గరికి జరుపుకుని, "ఆయన కుర్చీ నుంచి వంటిల్లు ఎన్ని అడుగులు పిన్నీ?" అని అడిగాడు.

"పద్నాలుగు. రోజుకి ఇరవైసార్లు నడుస్తన్నాగా."

రమాదేవి కళ్లజోడు తెప్పించుకుని కూర్చున్నాడు. ఉత్త తీగ ముక్కతో కలిపితే పాత గోలే, ఆయనకూ వినబడుతుంది. అందుకని తీగ మధ్యలో రెసిస్టర్ అని, శబ్దాన్ని కాస్త నొక్కిపట్టే చిన్న ముక్క ఒకటి పెట్టాడు. నాగులమ్మను పద్నాలుగు అడుగులు లెక్కపెట్టుకుని రోడ్డు దాటి టీ బంకు దగ్గర నిలబడమన్నాడు. హెడ్‌ఫోను తన చెవులకు పెట్టుకుని మీట నొక్కాడు. ఆమె అడ్డంగా తలూపింది. రెసిస్టర్ మార్చాడు. సున్నపురాయి లారీ ఒకటి పోయేదాకా ఆగి మళ్లీ నొక్కాడు. అలా నాలుగు ముక్కలు మార్చాక, ఆయన చెవులకు బయటి చప్పుడేమీ తెలియలేదు, అక్కడ నాగులమ్మ చెయ్యి పైకెత్తింది. గార్డు జెండా ఊపినట్టే ఊపింది. ముప్పై నాలుగేళ్లలో ఇంత జాగ్రత్తగా డైరెక్ట్ చేసింది ఇదొక్కటే, ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

మరుసటి ఆదివారం ఆదినారాయణ భోజనానికి పిలిచాడు. కోటిబాబు వెళ్లేసరికి ఆయన నడింట్లో కుర్చీలో, చెవుల మీద కొబ్బరిచిప్పలతో, నీలం తెర ముందున్నాడు. హెడ్‌ఫోను పెట్టుకున్నవాళ్లు మాట్లాడేంత గట్టిగా మాట్లాడాడు.

"చూశావా కోటీ, చీమ చిటుక్కుమంటే వినపడేట్టుంది ఇల్లు! మీ పిన్ని నన్ను తిట్టడమే మానేసింది. ఇదీ రిపేరంటే."

"కాంటాక్టు బాగా కూర్చుంది బాబాయ్," అన్నాడు కోటిబాబు, గోడకున్న క్యాలెండరు చూస్తూ.

తెర మీద అక్షరాల బండి ఒకటి కుడివైపు అంచు దాటింది. డబ్బాలోంచి సన్నగా నాలుగు గంటలు మోగాయి. ఆదినారాయణ కళ్లు మూసుకుని తన చెవుల్లోవి విన్నాడు. వంటింట్లో కూర కలుపుతున్న చప్పుడు ఆగింది. గిన్నె అంచు మీద గరిటె టంగుటంగుమని నాలుగుసార్లు మోగింది. మళ్లీ కూర కలుపుతున్న చప్పుడు మొదలైంది.

"దాటింది," అన్నాడు ఆదినారాయణ వేలెత్తి, తనలో తానే.

"దాటింది బాబాయ్," అని కోటిబాబు చేతులు కడుక్కోవడానికి లేచాడు.